హైదరాబాద్‌లో ఇంటి రిపేరుకు నమ్మకమైన కాంట్రాక్టర్‌ను పట్టుకోవడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మల్కాజిగిరిలో 22 ఏళ్ల కిందట కట్టిన అపార్ట్‌మెంట్, రెండో అంతస్తులో మీ ఫ్లాట్. రెండు బాత్రూములు, వంటిల్లు మళ్లీ కొత్తగా చేయించాలి. కింద ఫ్లాటు వాళ్ల సీలింగ్‌కి చెమ్మ దిగుతోంది కాబట్టి వాయిదా వేసే వీలు లేదు. ముగ్గురు కొటేషన్లు ఇచ్చారు: 4 లక్షల 20 వేలు, 5 లక్షల 60 వేలు, 7 లక్షల 50 వేలు. మొదటాయన 60 శాతం ముందే కావాలంటున్నాడు. రెండో ఆయన 30 శాతం అడుగుతున్నాడు, నాచారంలో నడుస్తున్న తన పని చూసుకోమంటున్నాడు. మూడోది ఇంటీరియర్ కంపెనీ, కంప్యూటర్‌లో బొమ్మలు గీసి చూపించింది. వీళ్లలో ఎవరిని నమ్మాలి అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. మొదటాయనను వదిలేయండి. రెండో ఆయనతో మాట్లాడండి, కానీ ఆయన చెప్పిన షరతుల మీద కాదు. ముందు ఒక్క బాత్రూమ్ పని మాత్రమే ఇవ్వండి. అడ్వాన్స్ 10 శాతం దాటనివ్వకండి. ఆ బాత్రూమ్ నీళ్ల పరీక్ష (నీళ్లు నింపి రెండు రోజులు వదిలి, కారుతోందేమో చూడటం) నెగ్గాక రెండోది, ఆ తర్వాత వంటిల్లు. మొత్తం వ్యవహారంలో మీరు పట్టుకోవాల్సింది ఒక్కటే: మీ డబ్బు ఎప్పుడూ పని కంటే ముందు నడవకూడదు. మనిషి మంచివాడా కాదా అన్నది అరగంట మాట్లాడితే తెలిసేది కాదు. ఇరవై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్న నాకే తెలియదు.

నేనూ కాంట్రాక్టర్‌నే లెండి. సివిల్ డిప్లొమా చేసి, కొన్నాళ్లు ఒక బిల్డర్ దగ్గర సైట్ చూసుకుని, 2006 నుంచి పాత ఇళ్ల రిపేర్లు, బాత్రూములు, వాటర్ ప్రూఫింగ్ మాత్రమే చేస్తున్నాను. తార్నాక, హబ్సిగూడ, నాచారం, మీ మల్కాజిగిరి వైపే ఎక్కువ. కాబట్టి మీకు ఎదురుగా కూర్చుని కొటేషన్ ఇచ్చేవాడి వైపు నుంచి చెబుతున్న మాటలివి.

అడ్వాన్స్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. డబ్బు తీసుకుని ఫోన్ ఎత్తకుండా పోయేవాళ్లలో చాలామంది మొదటి రోజే మోసం చేద్దామని వచ్చినవాళ్లు కాదు. చిన్న కాంట్రాక్టర్ దగ్గర సొంత పెట్టుబడి ఉండదు. ఉప్పల్‌లో తీసుకున్న అడ్వాన్స్ సైనిక్‌పురిలో టైల్స్ షాపు బాకీకి పోతుంది. సైనిక్‌పురి బిల్లు వస్తే అది రామంతాపూర్‌లో మేస్త్రీల వారం కూలీకి పోతుంది. ఒకరి టోపీ ఇంకొకరికి పెట్టడం. ఇందులో ఎక్కడో ఒక ఇంటాయన బిల్లు ఆపాడంటే మొత్తం బిగుసుకుపోతుంది. చివరగా అడ్వాన్స్ ఇచ్చినవాళ్ల ఇంట్లో టైల్స్ పగలగొట్టి వదిలేసిన గోడలు మిగులుతాయి. 60 శాతం అడిగే మనిషి అప్పటికే మునిగి ఉన్నాడని, మీ డబ్బుతో తేలాలని చూస్తున్నాడని నేను అనుకుంటాను. రెండు బాత్రూముల పనికి మొదటి వారంలో అయ్యే ఖర్చు ఏముంటుంది? పగలగొట్టే కూలీ, మలబా (పగలగొట్టిన చెత్త) తీసుకెళ్లే బండి. అంతే కదా.

ఈ గుంటలో నేనూ పడ్డాను. 2008లో రామంతాపూర్‌లో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఇంట్లో పై అంతస్తు బాత్రూమ్, పిట్టగోడ పని ఒప్పుకున్నాను. సగం డబ్బు ముందే ఇచ్చారు, పాపం అడిగిన వెంటనే. ఆ డబ్బు ఇంకో సైట్‌లో సిమెంట్ షాపు బాకీకి కట్టేశాను. ఆ సైట్ ఇంటాయన నాకు బిల్లు ఇవ్వలేదు. నెల రోజులు టీచరమ్మ ఇంటి ముందు పోసిన ఇసుక అలాగే ఉంది, దాని మీద గడ్డి కూడా మొలిచింది. ఒకరోజు బైక్ ఆపుతుంటే గేటు దగ్గరే నిలబడి అడిగింది, "ఏం నాయనా, నీ మేస్త్రీకి జ్వరం తగ్గిందా?" అని. మూడు వారాలుగా నేను చెబుతున్న అబద్ధం అది. ఆమెకు మొదటి వారంలోనే తెలిసిపోయిందని అప్పుడు అర్థమైంది. మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టి ఆ పని పూర్తి చేశాను. అప్పటి నుంచి నేనే 10 శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోను. అడగకుండా ఎక్కువ ఇస్తామన్నా వద్దంటాను. ఎందుకంటే చేతిలో ఉంటే వాడేస్తానని నాకు తెలుసు.

ఇప్పుడు ఒక ప్రశ్న. మీ ఇంటికి వచ్చిన ముగ్గురిలో ఎవరైనా కింద ఫ్లాటుకు వెళ్లి సీలింగ్ చూశారా?

మీరు రాసిన దాంట్లో ఆ మాట లేదు. ఎవరూ చూడకపోతే, ముగ్గురూ రోగం ఏమిటో చూడకుండానే మందు రాసిచ్చారన్నమాట. చెమ్మ రెండు రకాలుగా వస్తుంది. బాత్రూమ్ వాడినప్పుడే తడి ఎక్కువై, రెండు రోజులు తాళం వేసి ఊరెళితే తగ్గుతుంటే అది ఫ్లోర్ నుంచో, నానీ ట్రాప్ (నేల మీద నీళ్లు బయటికి పోయే జాలీ) నుంచో, కమోడ్ పైపు స్లాబ్‌ను దాటే చోటు నుంచో వస్తోంది. వాడినా వాడకపోయినా ఒకే తీరుగా కారుతుంటే గోడలో ఉన్న నీళ్ల పైపు కారుతోందని అనుమానించాలి. మొదటి దానికి వాటర్ ప్రూఫింగ్ కావాలి, రెండో దానికి పైపు మార్చాలి. హబ్సిగూడలో ఒకరు మూడేళ్లలో రెండుసార్లు వాటర్ ప్రూఫింగ్ చేయించుకున్నారు. తీరా చూస్తే గీజర్‌కి వెళ్లే పైపు వంపు జాయింట్ (ఎల్బో) దగ్గర సన్నటి పగులు. రెండుసార్లూ కాంట్రాక్టర్లు నేల వైపే చూశారు, గోడ వైపు చూడలేదు. మీకు రెండో కొటేషన్ ఇచ్చినాయనను మళ్లీ పిలిచినప్పుడు కింద ఫ్లాటుకు తీసుకెళ్లండి. ఆయన అక్కడ ఏం అడుగుతాడో, ఎక్కడ తట్టి చూస్తాడో గమనించండి. పని తెలిసినవాడు వెంటనే జవాబు చెప్పడు, ఎప్పుడు తడుస్తోందని వాళ్లనే నాలుగు ప్రశ్నలు అడుగుతాడు.

కొటేషన్ల సంగతి. 4 లక్షల 20 వేలకూ 7 లక్షల 50 వేలకూ అంత తేడా ఎలా వచ్చిందని అడిగారు. మీరు పెట్టిన మొదటి కొటేషన్‌లో "బాత్రూమ్ రెనోవేషన్ 2 నంబర్లు, లంప్‌సమ్" అని ఒకే లైను ఉంది. అందులో ఏముందో రాసినాయనకూ తెలియదు. పని సగంలో ఉన్నప్పుడు "మలబా అందులో లేదు మేడమ్", "పైపులు వేరే మేడమ్", "టైల్స్ చదరపు అడుగు 40 రూపాయల రకం అనుకున్నాను మేడమ్" అని ఒక్కొక్కటీ బయటికి వస్తాయి. చవక కొటేషన్ చివరికి మధ్య కొటేషన్‌ను దాటడం నేను చాలాసార్లు చూశాను. కంపెనీ వాళ్ల ధరలో ఆఫీసు అద్దె, ఆ కంప్యూటర్ బొమ్మల ఖర్చు, పైవాళ్ల లాభం కలిసి ఉంటాయి. కింద పని చేసేది మాత్రం చాలాసార్లు మాలాంటి వాళ్లే. నేనే రెండు కంపెనీలకు సబ్ కాంట్రాక్ట్ చేశాను, నాకు ముట్టింది మీరు ఇచ్చే దాంట్లో సగం కంటే కాస్త ఎక్కువ. మీరు ఊళ్లో లేకుండా, ఫోన్ మీదే పని చేయించుకోవాలంటే కంపెనీకి ఆ ఎక్కువ ఇవ్వడంలో అర్థం ఉంది. మీరు ఇంట్లోనే ఉంటున్నారు కాబట్టి నా ఓటు అటు వేయను.

పోల్చాలంటే ముగ్గురికీ ఒకే కాగితం ఇవ్వాలి, అది మీరు రాయాలి. పాత టైల్స్, ప్లాస్టరింగ్ ఎక్కడి దాకా తీయాలి. మలబా కిందికి దించి ఎక్కడికి తరలిస్తారు. పాత నీళ్ల పైపులన్నీ మారుస్తారా, కొన్నేనా. వాటర్ ప్రూఫింగ్‌కు ఏ కంపెనీ మందు, ఎన్ని పూతలు, గోడ మీద ఎంత ఎత్తు వరకు. టైల్స్ సిమెంట్‌తో వేస్తారా, అడెసివ్‌తోనా. కమోడ్, కుళాయిలు ఎవరు కొంటారు. ఎలక్ట్రికల్ పాయింట్లు ఎన్ని, పాయింట్‌కి ఎంత. ఈ కాగితానికి ధరలు నింపి ఇమ్మనండి. చిరాకుపడి "అంతా నేను చూసుకుంటా మేడమ్, మీరు టెన్షన్ పడకండి" అన్నాడంటే, టెన్షన్ పడాల్సింది అక్కడే.

22 ఏళ్ల నాటి బిల్డింగ్ కాబట్టి ఒక మాట. అప్పట్లో చాలా అపార్ట్‌మెంట్లలో ఇనుప జీఐ పైపులు వేశారు. బయటికి బాగానే కనిపిస్తాయి, లోపల తుప్పు పేరుకుపోయి వేలు దూరేంత సందు కూడా ఉండదు. ఒక జాయింట్ విప్పితే పక్కది విరుగుతుంది. కాబట్టి సగం పాతవి, సగం కొత్తవి అనే బేరం వద్దు. బాత్రూమ్‌లో మొత్తం సీపీవీసీ (వేడినీళ్లకు తట్టుకునే ప్లాస్టిక్) పైపులు వేయించండి. టైల్స్ వేసే ముందు ప్రెషర్ పంపు పెట్టి, దాని మీటరు ముల్లు దిగకుండా నిలబడుతుందో లేదో మీ కళ్లతో చూడండి. పగలగొట్టాక ఏం బయటపడుతుందో ఎవరికీ తెలియదన్నది నిజమే. అందుకే ఎక్స్‌ట్రా పనుల రేట్లు ముందే రాయించుకోవాలి: పైపు అడుగుకి ఎంత, ప్లాస్టరింగ్ చదరపు అడుగుకి ఎంత, ఎలక్ట్రికల్ పాయింట్ ఎంత. ఏ ఎక్స్‌ట్రా అయినా వాట్సాప్‌లో రేటు రాసి, మీరు సరే అన్నాకే మొదలవ్వాలి. నోటి మాట మీద మొదలైన ఎక్స్‌ట్రాలే చివర్లో గొడవలవుతాయి. అప్పుడు ఇద్దరూ నిజమే చెబుతున్నామని అనుకుంటారు.

నాచారం సైట్‌కి తప్పకుండా వెళ్లండి. ఆయన తీసుకెళ్తానన్న రోజు ఒకసారి వెళ్లి, రెండు రోజుల తర్వాత చెప్పకుండా పదకొండింటి వేళ ఇంకోసారి వెళ్లండి. టైల్స్ మెరుస్తున్నాయా అని కాదు చూడాల్సింది. గోడలోంచి బయటికి వచ్చిన పైపుల చివర్లకు ప్లాస్టిక్ మూతలు బిగించారా, లేక సిమెంట్ సంచి ముక్క కుక్కారా చూడండి. సంచి ముక్క కుక్కిన చోట లోపలికి ఇసుక, మాల్ (సిమెంట్, ఇసుక కలిపిన ముద్ద) పోతాయి. ఆరు నెలలకు కుళాయిలో నీళ్లు సన్నబడతాయి. సిమెంట్ బస్తాలు చెక్క మీద ఉన్నాయా, తడి నేల మీదా? మాల్ కలపడానికి కింద రేకో, షీటో వేశారా, ఇంటివాళ్ల పాత ఫ్లోరింగ్ మీదే కలుపుతున్నారా? లిఫ్టుకు, మెట్లకు అట్టలు కట్టారా?

తర్వాత టైల్స్ మేస్త్రీతో, ప్లంబర్‌తో రెండు మాటలు కలపండి. ఈయన దగ్గర ఎన్నాళ్లుగా చేస్తున్నావు, వారం డబ్బులు టైముకి వస్తాయా అని అడగండి. మొహం చూస్తేనే జవాబు తెలిసిపోతుంది. నాలుగేళ్లుగా ఒకే ప్లంబర్ ఆయన దగ్గర ఉన్నాడంటే అంతకు మించిన సర్టిఫికెట్ లేదు, నెట్‌లో నూట యాభై రివ్యూలకంటే అదే మేలు. పగలగొట్టడానికి పొద్దున్నే కూలీల అడ్డా మీద నుంచి మనుషులను తెచ్చుకోవడం తప్పేం కాదు, నేనూ తెస్తాను. ప్లంబర్‌ను కూడా ప్రతిసారీ అడ్డా మీద నుంచే తెస్తుంటే మాత్రం ఆ కాంట్రాక్టర్‌ను వదులుకోండి.

పాత పనుల నంబర్లు అడిగినప్పుడు పోయిన నెలవి కాదు, రెండు వానాకాలాలు దాటినవి అడగండి. కొత్త బాత్రూమ్ అందరికీ బాగానే ఉంటుంది. ఆ ఇంటివాళ్లను రెండే అడగండి: పని అయిపోయాక ఫోన్ చేస్తే వచ్చాడా? చెప్పిన దాని మీద చివరికి ఎంత ఎక్కువైంది? "ఎక్కువేం కాలేదు, అంతా బాగుంది" అని గబగబా చెప్పి ఫోన్ పెట్టేస్తే అది బంధువుల నంబరై ఉండవచ్చు. నిజమైన కస్టమర్ ఏదో ఒక సణుగుడు లేకుండా ఉండడు.

డబ్బు ఎలా ఇవ్వాలో చెబుతాను, ఒక బాత్రూమ్‌కి. మొదలుపెట్టే రోజు 10 శాతం. పగలగొట్టి, మలబా బయటికి పోయాక 15. పైపులు వేసి ప్రెషర్ చూశాక 20. వాటర్ ప్రూఫింగ్ నీళ్ల పరీక్ష నెగ్గాక 20. టైల్స్ అయ్యాక 20. ఫిట్టింగులు బిగించి, కరెంటు పాయింట్లు పని చేస్తున్నాయని చూశాక 5. మిగిలిన 10 శాతం నెల రోజులు వాడుకున్నాక. ఈ చివరి 10 శాతం మాట మొదటి రోజే కాగితం మీద ఉండాలి, చివర్లో కొత్తగా అంటే ఎవరైనా గొడవ పడతారు. ఇంకో సంగతి, మేం కూడా మనుషులమే. దశ పూర్తయిన రోజే డబ్బు ఇచ్చేయండి. శనివారం సాయంత్రం కూలీ ఇవ్వాల్సిన మనిషిని సోమవారం రమ్మనడం మీకు చిన్న విషయం. వాళ్ల మేస్త్రీ సోమవారం ఇంకో సైట్‌కి పోతాడు, మీ పని మళ్లీ పది రోజులు వెనక్కి. ఫోన్ పేలోనో బ్యాంకు ద్వారానో ఇవ్వండి, నోట్ దగ్గర ఏ దశకో రాయండి.

టైల్స్, కమోడ్, కుళాయిలు, పైపులు మీరే కొనండి, డబ్బు షాపుకే కట్టండి. షాపువాళ్లు మేస్త్రీకో కాంట్రాక్టర్‌కో కమీషన్ ఇవ్వడం ఈ ఊళ్లో మామూలే. నాకూ ఇస్తామంటారు. దాని గురించి మనసు పాడుచేసుకోకండి, కాకపోతే ఆ కమీషన్ కోసం మీకు నచ్చనిది అంటగట్టకుండా చూసుకోవాలి. శానిటరీ, పైపుల ధరలు రాణీగంజ్‌లో ఒక రోజు తిరిగితే తెలిసిపోతాయి, కరెంటు సామాను కోఠి దగ్గర ట్రూప్ బజార్‌లో. సిమెంట్, ఇసుక, మందు కాంట్రాక్టర్‌కే వదిలేయండి, లేకపోతే రోజూ అరబస్తా కోసం మీకు ఫోన్లు వస్తాయి. వైర్ల మీద, సిమెంట్ బస్తాల మీద ఐఎస్ఐ గుర్తుతో పాటు లైసెన్స్ నంబరు ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే అసలుదో కాదో తెలుస్తుంది. వంటింటి కప్‌బోర్డుల ప్లైవుడ్ "వాటర్ ప్రూఫ్" అని నోటితో చెబితే చాలదు, సింకు కింద వాడే దాని మీద ఐఎస్ 710 (తడికి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ ప్రమాణం) ముద్ర ఉండాలి. గీజర్‌కి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేయించండి, బాత్రూమ్ లైనుకి 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్) పెట్టించండి. ఇక్కడ డబ్బు మిగిల్చుకోవద్దు.

ఇక అసలు పని. మీలాంటి ఇళ్లలో బాత్రూమ్ స్లాబ్ మిగతా ఇంటి కంటే ఓ అడుగు కిందికి దిగి ఉంటుంది, సంకెన్ అంటాం. పగలగొట్టిన పాత టైల్స్ ముక్కలు, ప్లాస్టరింగ్ పెళ్లలు మూడో కంటికి తెలియకుండా మళ్లీ అందులోనే పోసి, పైన మాల్ పరిచేయడం మా వృత్తిలో పాత అలవాటు. మలబా బండి ఖర్చు మిగులుతుంది కదా. ఆ పెళ్లలు స్పాంజిలాగా నీళ్లు పట్టుకుంటాయి. పైన ఎంత మంచి మందు వేసినా ఏడాది తిరిగేసరికి కింద సీలింగ్ నల్లబడుతుంది. కాబట్టి ఆ గుంట మొత్తం ఖాళీ చేయించి, స్లాబ్ కనిపించేదాకా ఊడ్పించి, అప్పుడు మీరే ఒక వీడియో తీసుకోండి.

మొదట స్లాబ్ మీద, గోడ వైపు కూడా ఎక్కించి, వాటర్ ప్రూఫింగ్ చేస్తారు. నానీ ట్రాప్ చుట్టూ, పైపులు స్లాబ్ దాటే చోట చేత్తో తడిమి చూడండి. లీకేజీలు మొదలయ్యేది ఎక్కువగా అక్కడే. కోటింగ్ ఆరాక అవుట్‌లెట్ మూసి నీళ్లు నింపించండి. నీటి మట్టం దగ్గర గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ, టైమ్ రాయండి. తలుపు మూసి 48 గంటలు వదిలేయండి. ఎండకు, గాలికి కొంచెం తగ్గడం మామూలే. గీత నుంచి వేలు మందం దిగిందంటే ఎక్కడో పోతోంది. ఈ రెండు రోజులు పని ఆగుతుందని మేస్త్రీ సణుగుతాడు. సణగనివ్వండి. నేను చేసే పనుల్లో పది పరీక్షలకు ఒకటో రెండో ఫెయిల్ అవుతూనే ఉంటాయి, నా పనే సుమా. అప్పుడు దొరికితే గంటలో సరిచేస్తాం, టైల్స్ వేశాక దొరికితే మళ్లీ మొదటికి.

టైల్స్ అయ్యాక రూపాయి బిళ్లతో ఒక్కోదాన్నీ తట్టండి. బోలు శబ్దం వచ్చిందంటే కింద మాల్ పూర్తిగా పట్టలేదు. గోడ టైల్స్‌కి నాలుగు మూలలా నాలుగు ముద్దలు పెట్టి అతికించే అలవాటు కొందరికి ఉంది, తొందరగా అవుతుంది కాబట్టి. ఆ రోజు మీరు ఇంట్లో ఉండండి. నేల మీద ఒక చెంబు నీళ్లు పోసి, ఎటు పోతున్నాయో చూడండి. తలుపు వైపు వస్తే అప్పుడే చెప్పాలి.

గోడలు మూసేముందు పైపుల పక్కన టేపు పెట్టి ఫోటోలు తీయడం మరచిపోకండి. నేల నుంచి ఎంత ఎత్తు, మూల నుంచి ఎంత దూరం కనిపించాలి. రేపు అద్దమో, టవల్ రాడ్డో బిగించేటప్పుడు డ్రిల్లింగ్ మెషీన్ నేరుగా పైపులో దిగకుండా అవే కాపాడతాయి.

ఒక బాత్రూమ్‌కి రెండు వారాలు పైనే పడుతుంది. వంటింటితో కలిపి మొత్తం ఏడెనిమిది వారాలు అనుకోండి. "పన్నెండు రోజుల్లో మొత్తం ఇచ్చేస్తా" అన్నవాడు క్యూరింగ్‌నో (సిమెంట్ గట్టిపడేదాకా తడిపి ఉంచడం), నీళ్ల పరీక్షనో, రెండింటినీనో మింగేస్తాడు. దసరా, సంక్రాంతి, హోలీ ముందు పని మొదలుపెట్టకండి. మన పాలమూరు వాళ్లయినా, బీహార్, ఒడిశా వాళ్లయినా ఊరెళితే పది రోజులకు తక్కువ కాదు. ఇంకో చిన్న రహస్యం. ఇంట్లో ఏదైనా శుభకార్యం ఉంటే ఆ తేదీ కాంట్రాక్టర్‌కి చెప్పకండి, దానికి నెల ముందు తేదీ చెప్పండి. ముహూర్తం తెలిసినవాడి చేతిలో మీ జుట్టు ఉన్నట్టే, ఆఖరి వారంలో ఏ ఎక్స్‌ట్రా అడిగినా ఇస్తారు.

కాగితాల గురించి క్లుప్తంగా. ఆధార్ కాపీ, ఇంటి అడ్రస్ తీసుకోండి. బిల్లు మీద జీఎస్‌టీ వేస్తానంటే నంబరు అడగండి. మన రాష్ట్రంలో రిజిస్టర్ అయితే 36తో మొదలవుతుంది, జీఎస్‌టీ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ఒప్పందం బాండ్ పేపర్ మీద రాసుకోండి: పని జాబితా, దశల వారీ డబ్బు, ఎక్స్‌ట్రా రేట్లు, గడువు, లీకేజీ వస్తే ఎన్నాళ్లు ఉచితంగా చేస్తాడు. రెండు పేజీలు చాలు, లాయర్ అక్కర్లేదు. మాట వినకపోతే 1915కి ఫోన్ చేసి నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లవచ్చు. మీరు ఇచ్చిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే కమిషన్‌లో ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. కానీ కేసు గెలిచేలోపు బాత్రూమ్ ఎవరో ఒకరు పూర్తి చేయాలి. ఇంకొకరు సగం చేసి వదిలిన పని ముట్టుకోవాలంటే మేం ఎక్కువే అడుగుతాం, అది కూడా చెప్పేస్తున్నాను.

చివర్లో "మా పెద్దమ్మ కొడుకు కూడా ఈ పనులే చేస్తాడు, ఆయనకిస్తే ఎలా ఉంటుంది?" అని అడిగారు. ఆయన పని బాగుంటే ఇవ్వండి, కానీ పైన చెప్పిన కాగితం ఆయనతో కూడా రాయించుకోగలరా? అన్నయ్య ముందు కూర్చుని "48 గంటలు నీళ్లు నింపి చూద్దాం" అనగలరా? అనలేకపోతే వద్దు. పెళ్లిళ్లలో ఎప్పుడూ ఎదురుపడే మనిషితో లీకేజీ గొడవ పెట్టుకోవడం చాలా కష్టం.

అపార్ట్‌మెంట్ కాబట్టి అసోసియేషన్‌కి ముందే చెప్పి, పగలగొట్టే టైములు అడిగి పెట్టుకోండి. బీములు, పిల్లర్ల జోలికి ఎవరూ పోకూడదు, పైపు కోసం "కొంచెం" కొడతానన్నా సరే. మలబా రాత్రిపూట ఏ ఖాళీ ప్లాట్‌లోనో, నాలా పక్కనో పోసి రాకుండా చూడండి, జరిమానా మీ ఇంటి మీదికే రావచ్చు. ఈ వ్యర్థాల కోసం జీడిమెట్లలో, నాగోలు దగ్గర ఫతుల్లాగూడలో ప్లాంట్లు ఉన్నాయి. ఎక్కడికి పంపుతున్నావని కాంట్రాక్టర్‌ని అడగండి.

పని మొదలయ్యే ముందు రోజు కింద ఫ్లాటు వాళ్లను పక్కన పెట్టుకుని వాళ్ల సీలింగ్ ఫోటోలు తీయండి, గోడల పగుళ్లతో సహా, వాళ్ల ఫోన్లో కూడా. సుత్తి దెబ్బలు మొదలయ్యాక పాత పగులు కూడా కొత్తదిగా కనిపిస్తుంది. నీళ్ల పరీక్ష రెండో రోజు వాళ్లనే పైకి పిలిచి ఆ పెన్సిల్ గీత చూపించండి, తర్వాత మీరంతా కలిసి కిందికి వెళ్లి సీలింగ్ చూడండి. రెండో ఆయన కొత్త కాగితం నింపి ఇచ్చాక పేరు, ఫోన్ నంబరు కొట్టేసి ఇక్కడ పెట్టండి. రేట్లు ఎక్కడ ఎక్కువున్నాయో, ఎక్కడ అనుమానించేంత తక్కువున్నాయో చూసి చెబుతాను.